సీసా నిండుగానే తిరిగొచ్చేది

కొత్తగా డైటీషియన్లయి వచ్చిన పిల్లలు నన్ను చూడగానే ఒకటే ప్రశ్న అడుగుతారు. "దుమ్ములో, పొగలో పనిచేసేవాళ్లు ఏం తింటే ఊపిరితిత్తులు బాగుంటాయి మేడం?" పెన్ను తీసి మరీ అడుగుతారు. జామకాయ అంటే రాసుకుంటారు, ఉసిరికాయ అంటే రాసుకుంటారు. "దుమ్ము తినకుండా ఉంటే బాగుంటాయమ్మా" అంటే మాత్రం నవ్వేసి పెన్ను మూసేస్తారు. పెద్దావిడ జోకు వేసిందనుకుంటారు కాబోలు.

నేను జోకు వేయలేదు. నా సర్వీసులో సగానికి పైగా శేరిలింగంపల్లి వైపు ఒక సర్కారు ఆరోగ్య కేంద్రంలోనే గడిచింది. రోడ్లు ఊడ్చేవాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, కేబుళ్ల కోసం రోడ్డు తవ్వేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, షేర్ ఆటో డ్రైవర్లు, అందరూ దగ్గుకుంటూనే వచ్చేవాళ్లు. డాక్టరు ఛాతీ చూసి, మందు రాసి, "ఏం తినాలో బయట మేడం చెప్తారు, పోండి" అని నా బల్ల దగ్గరికి పంపేవారు. ఆ బల్ల దగ్గర ఏం జరిగేదో రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు, శాలువాల సంగతి రాయడం లేదు. వాటివల్ల ఎవరి దగ్గూ తగ్గలేదు.

రంగుల చార్టు

మా కేంద్రానికి ఇన్‌ఛార్జిగా ఉండే ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయన దృష్టి ఎప్పుడూ తనిఖీకి వచ్చేవాళ్ల మీదే ఉండేది, వైద్యానికి వచ్చేవాళ్ల మీద కాదు. ఒకసారి "ఊపిరితిత్తులకు మేలు చేసే ఆహారం" అని పెద్ద చార్టు వేయించి నా బల్ల వెనక గోడకు తగిలించారు. అందులో బ్రోకలీ, అవకాడో, వాల్‌నట్లు, ఇంకేదో ఎర్రచేప. అన్నీ నిగనిగలాడుతున్నాయి.

ఒక ఆటో డ్రైవర్ బ్రోకలీ బొమ్మ వైపు చాలాసేపు చూసి, "ఏంది మేడం గిది, గోబీకి ఫంగస్ పట్టిందా?" అని అడిగాడు. నేనేం చెప్పను, నా మొహం!

పెద్దసారు దగ్గరికి వెళ్లి, "సార్, తోటకూర, పల్లీలు, కోడిగుడ్డు, జామకాయ బొమ్మలు వేయిద్దామండీ, అవి వీళ్లకు దొరుకుతాయి" అన్నాను.

"తోటకూర బొమ్మ చూడటానికి ఎవరొస్తారమ్మా?" అన్నారాయన, చాలా మామూలుగా. ఆ చార్టు నేను రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. రంగు వెలిసింది, బ్రోకలీ నిజంగానే గోబీలా తెల్లబడింది.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. తిండి దుమ్ముకు విరుగుడు కాదు. మంచి తిండి తింటే ఒంట్లో సత్తువ ఉంటుంది. గాలి పీల్చడానికీ కండలు పనిచేయాలి, ఆ కండలకు తిండి కావాలి. జబ్బు చేస్తే తొందరగా తేరుకుంటారు. అంతవరకే. రోజంతా దుమ్ము పీల్చేవాడికి రోజూ ఒక జామకాయ ఇస్తే లెక్క సరిపోదు. ఈ మాట పైవాళ్లకు నచ్చదు. రోడ్డు తడిపించి ఊడ్పించడం కంటే జామకాయ తినమని చెప్పడం తేలిక కదా. నాకు జీతమిచ్చింది ఆ తేలిక పనికేనని అర్థమయ్యేసరికి నా జుట్టు నెరిసింది.

మల్లేశం బెల్లం

నానక్‌రామ్‌గూడ వైపు పెద్ద రోడ్డు ఊడ్చే ఆడవాళ్ల మీద మల్లేశం అనే జవాను ఉండేవాడు. ఊడ్చేవాళ్ల మీద ఉండే సూపర్‌వైజర్‌ని ఇక్కడ జవాను అంటారు. మీసం, కేకలు చూస్తే కోపిష్టి అనిపిస్తాడు గానీ మనసు మెత్తన. పొద్దున హాజరు తీసుకోగానే ఒక్కొక్కరి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. తన సొంతానికి తెచ్చిన బెల్లం.

బెల్లం తింటే లోపలికి పోయిన దుమ్మంతా కొట్టుకుపోతుందని ఇక్కడ దుమ్ము పని చేసే ప్రతివాళ్లకూ నమ్మకం. కంకర మిల్లులో, సిమెంటు పనిలో, పత్తి మిల్లులో, ఎక్కడ చూసినా ఇదే మాట. మల్లేశం వాళ్ల అమ్మ కంకర మిల్లులో పనిచేసిందట, ఆమెకు అక్కడి మేస్త్రీ ఇచ్చేవాడట.

"మల్లేశం, ముద్ద పోయే గొట్టం వేరు, గాలి పోయే గొట్టం వేరు. బెల్లం కడుపులోకి పోతుంది. దుమ్మున్న చోటికి అది పోనే పోదు" అని చెప్పాను.

"నాకు గొట్టాలు గిట్ల ఎర్క లేదు మేడం. మా అమ్మ బెల్లం తిన్నది."

"మరి మీ అమ్మ ఎలా ఉంది?"

"దగ్గి దగ్గి పోయింది" అన్నాడు. తర్వాత, "బెల్లం లేకుంటే ఇంకా జల్దీ పోతుండె" అన్నాడు.

ఒక్కటి మాత్రం అడిగాను, వట్టి బెల్లం ఎందుకు, దాంతో పాటు గుప్పెడు పల్లీలు కూడా పెట్టొచ్చు కదా అని. పల్లీల్లో బలం ఉంటుంది, ఖాళీ కడుపుకు ఆధారం ఉంటుంది. "గది చేస్త" అన్నాడు, చేశాడు కూడా. నమ్మకాన్ని పీకిపారేయడానికి నేను చాలా ఏళ్లు తంటాలు పడ్డాను. దాని పక్కన పల్లీలు పెట్టడం తేలికని ఆ రోజు తెలిసింది. కొత్తగా వచ్చే పిల్లలు ఈ ఒక్కటైనా గుర్తుపెట్టుకుంటే నాకు చాలు.

స్వరూప పత్యం

మల్లేశం కింద పనిచేసే వాళ్లలో స్వరూప ఒకతి. తాండూరు పక్క పల్లె నుంచి వచ్చింది. భర్త పోయాడు, ముసలి అత్తను తనే సాకుతోంది. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో ఒక చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు. ఊడ్చే పని పోతే ఇద్దరికీ వేరే దిక్కు లేదు.

మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే దగ్గు ఎక్కువవుతుందట. చిన్నప్పటి నుంచి కట్టెల పొయ్యి పొగ, ఆపైన ఇన్నేళ్ల రోడ్డు దుమ్ము. ఊపిరితిత్తుల్లోకి పోయిన గాలి సరిగా బయటికి రాని జబ్బు. డాక్టరు పీల్చే మందు ఇచ్చి, చీటీ మీద నాకోసం ఒక మాట రాశారు: బరువు తగ్గిపోతోంది, చూడండి. విడిగా నాతో అన్నది ఇంకా సూటిగా ఉంది. "ఈమె ఇంకొంచెం చిక్కితే చీపురు పట్టలేదమ్మా."

"ఏం తింటున్నావు స్వరూపా?" అని అడిగాను.

"పత్యం మేడం."

దగ్గు మొదలైన నాటి నుంచి ఒక్కొక్కటే మానేసుకుంటూ వచ్చింది. గుడ్డు వేడి, మానేసింది. పెరుగు కఫం, మానేసింది. అరటిపండు చలువ, మానేసింది. పప్పు అరగదని ఎవరో చెప్తే దాన్నీ మానేసింది. మిగిలింది అన్నం, ఎల్లిగడ్డ కారం, చారు. జబ్బు చేసిన మనిషి తన ఒంటికి బలమిచ్చేవన్నీ వరసగా వదిలేసి, తగ్గడం లేదేమని మళ్లీ ఇంకొకటి వదిలేస్తోంది. పైగా ఇదంతా ఎంతో నిష్ఠగా!

నాకు ఒళ్లు మండింది. "ఇంకేం మిగిలిందమ్మా మానేయడానికి? అన్నమా?" అని కసిరాను. పాపం, ఆమె నవ్వింది. "అత్త గూడ గట్లనే అంటది మేడం."

గుడ్డు మళ్లీ తినడానికి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వేడి చేస్తుందంటే, రాత్రి కాకుండా పగలు తిను అన్నాను. పెరుగు భయమైతే చారులో ఉడికిన పప్పు కలుపుకో అన్నాను. తను పుట్టిన ఊళ్లో తిన్న జొన్నరొట్టె, తోటకూర మళ్లీ మొదలుపెట్టమన్నాను. నీళ్లు బాగా తాగు, కఫం పలచబడుతుంది, పనికి వెళ్లేటప్పుడు సీసా తీసుకుపో అన్నాను. అన్నిటికీ "సరే మేడం" అంది. నెలలు గడిచినా బరువు పెరగలేదు. చెప్పింది చేయడం లేదని నాకు అనుమానం.

ఒక పొద్దున రోడ్డు మీద

బల్ల దగ్గర కూర్చుంటే ఏమీ తెలియదని నాకు అప్పటికి కొంచెం అర్థమైంది. ఒక పొద్దున మణికొండలో మా ఇంటి దగ్గర షేర్ ఆటో ఎక్కి స్వరూప ఊడ్చే రోడ్డుకు వెళ్లాను. అప్పటికే వాళ్ల పని చాలా దూరం నడిచింది. ఒక పక్క గాజు మేడలు, మరో పక్క కొత్త మేడ కోసం తవ్విన గొయ్యి. మట్టి లారీలు వెళ్తుంటే వాళ్లు ఊడ్చి కుప్ప పెట్టింది మళ్లీ లేచి వాళ్ల మొహాల మీదే పడుతోంది. రోడ్డు తడిపే ట్యాంకర్ సంగతి అడిగితే, ఊడ్చే మిషన్ వస్తుంది కాబట్టి ట్యాంకర్ ఆపారన్నారు. మిషన్ వచ్చింది కూడా. అది ఊడ్చిన దానికంటే ఎగరగొట్టింది ఎక్కువ.

అందరూ డివైడర్ పక్కన చెట్టు నీడలో డబ్బాలు తెరిచారు. స్వరూప డబ్బాలో జొన్నరొట్టె, తోటకూర పప్పు, ఉడికించిన గుడ్డు ఉన్నాయి. నేను చెప్పినవన్నీ ఉన్నాయి! సంతోషంతో ఆమె పక్కనే కూలబడ్డాను. ఆమె రొట్టెలో చిన్న తుంపు నోట్లో వేసుకుంది. గుడ్డు సగం తిని సగం మూత కింద దాచింది. పక్కన నీళ్ల సీసా ఉంది, మూత తీయలేదు. చుట్టూ చూశాను. అందరి సీసాలూ నిండుగానే ఉన్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"అంతేనా తినడం? నీళ్లు తాగవేం?"

"ఇంటికి పోయినంక తింట మేడం. నీళ్లు గూడ ఇంటికి పోయినంకనే."

"మరి సీసా ఎందుకు మోసుకొచ్చావు?"

"మీరు తెచ్చుకోమన్నరు గద."

నాకు కోపం వచ్చింది. గొంతు లేచింది కూడా. అప్పుడామె గొంతు తగ్గించి, పక్కన మగవాళ్లెవరూ లేరని చూసుకుని చెప్పింది. "తాగితే యాడికి పోవాలె మేడం? తింటే గూడ గంతే గద."

రోడ్డుకు ఆ చివర నుంచి ఈ చివర వరకు చూశాను. అన్నీ మేడలే. ఒక్కో మేడలో అంతస్తుకు ఎన్ని బాత్రూములో! ప్రతి గేటు ముందూ సెక్యూరిటీ. ఊడ్చే చీర, ఆ పైన పచ్చ జాకెట్ చూస్తే చాలు, గేటు దగ్గరికి రానివ్వరు. మగవాళ్లు గోడ పక్కకు పోతారు. వీళ్లు ఎక్కడికి పోతారు? అందుకే ముందు రాత్రి నుంచే కడుపు కట్టుకుని వస్తారు. డ్యూటీ అయి ఇల్లు చేరేదాకా ఉగ్గబట్టుకుంటారు. మల్లేశం పెట్టే బెల్లం, పల్లీలే అప్పటిదాకా వాళ్ల కడుపులో పడేవి. అవి నములుకుంటారు, వాటి మీద కూడా నీళ్లు తాగరు.

నీళ్లు తాగితే స్వరూప జబ్బు తగ్గిపోయేదని నేననను. కానీ ఎండిపోయిన నోరు, చిక్కబడిన కఫం, పస్తున్న కడుపు, ఆ మీద దుమ్ము. ఇంత చేసి ఆ మనిషిని చెప్పిన మాట వినదని మేము కేసు కాగితంలో రాసుకున్నాం.

గాజు మేడలో కాఫీ

స్వరూప ఊడ్చే చోటికి ఎదురుగా ఉన్న మేడలోకి వెళ్లాను. నిర్వహణ చూసే మేనేజరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. నా మాట వినగానే, "మీదీ మా వైపేనాండీ? గుంటూరు యాసలా ఉందే" అన్నాడు. అవునన్నాను. కాఫీ వచ్చింది. ఊళ్ల పేర్లు, కుశలప్రశ్నలు అయ్యాయి. తర్వాత విషయం చెప్పాను. కింద, పార్కింగ్ పక్కన డ్రైవర్ల కోసం ఉన్న బాత్రూము ఊడ్చే ఆడవాళ్లను కూడా వాడుకోనివ్వండి, అంతే చాలు అన్నాను.

ఆయన నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో, పాపమండీ! మేం తప్పకుండా ఏదో ఒకటి చేస్తామండీ. మాస్కులు ఇస్తాం. పండ్ల కిట్లు ఇస్తాం. మా ఎంప్లాయీస్ కూడా ఇలాంటివి చేయాలని చాలా ఇదిగా ఉంటారండీ."

"మరి బాత్రూము?"

"అది మాత్రం సెక్యూరిటీ పాలసీ అండీ. బయటివాళ్లకు యాక్సెస్ ఉండదు. నా చేతుల్లో లేదండీ."

కొన్నాళ్లకు నిజంగానే ఒక కార్యక్రమం పెట్టారు. గేటు బయట షామియానా వేశారు. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు వచ్చి, ఎంతో ప్రేమగా ఒక్కొక్కరికీ మాస్కు, ఆపిల్ పండు, తళతళలాడే స్టీలు నీళ్ల సీసా ఇచ్చారు. ఫొటోలు తీసుకున్నారు. పెద్దసారు కూడా వచ్చి, నీళ్లు తాగడం ఊపిరితిత్తులకు ఎంత మంచిదో మాట్లాడారు. చప్పట్లు కొట్టారు.

స్వరూప స్టీలు సీసా ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి కంగారుపడి, "వాటర్ తాగండి ఆంటీ, వాటర్ తాగండి" అని సీసా మూత తీసి ఇచ్చింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ పిల్ల మంచిది. మేనేజరూ మంచివాడే. ఈ ఉద్యోగంలో నన్ను అలసిపోయేలా చేసింది ఈ మంచివాళ్లేనని ఇప్పుడు అనిపిస్తుంది. దుర్మార్గుడితో అయితే గట్టిగా పోట్లాడి ఇంటికెళ్లి నిద్రపోవచ్చు.

బంకు తాళంచెవి

పని జరిగింది మల్లేశం వల్ల. రోడ్డు మలుపులో పెట్రోలు బంకు ఉండేది, దాని వెనక తాళం వేసిన బాత్రూము. మల్లేశం బంకువాళ్లతో మొదట మంచిగా, తర్వాత గట్టిగా మాట్లాడాడు. "జర ఆలోచించున్రి భాయ్, మీ బంకు ముంగట కచరా నేను తీయిస్త, మీరు తాళంచెవి ఇయ్యుండ్రి" అన్నాడట. ఇచ్చారు. హాజరుతో పాటు, బెల్లం పల్లీలతో పాటు ఆ తాళంచెవి కూడా మల్లేశం జేబులోనే ఉండేది.

ఆ తర్వాతి రోజుల్లో డివైడర్ దగ్గర డబ్బాలు ఖాళీ అయ్యాయి. సీసాలూ ఖాళీ అయ్యాయి. స్వరూప గుడ్డు మొత్తం తినేది. బరువు కొంచెం పెరిగింది, బుగ్గల్లో గుంటలు పూడాయి. పీల్చే మందు వాడాక నోరు పుక్కిలించమంటే ఇదివరకు నీళ్లు మింగాల్సి వస్తుందేమోనని భయపడేదట, ఇప్పుడు మొహమాటం లేకుండా బంకు దగ్గర పుక్కిలించేది. డాక్టరు నన్ను పిలిచి, "ఏం మార్చారమ్మా తిండిలో?" అని అడిగారు.

"తిండిలో ఏం మార్చలేదు సార్. తాళం తీయించాం" అన్నాను. నా సర్వీసులో నాకు గర్వం కలిగింది ఆ ఒక్క పూట.

అది ఎక్కువ కాలం నిలవలేదు. రోడ్డు వెడల్పు చేయడానికి బంకు తీసేశారు. మల్లేశాన్ని వేరే చోటికి మార్చారు. కొత్త జవానుకు ఈ సంగతులేవీ తెలియవు, తెలుసుకునే తీరికా లేదు. నేను మళ్లీ గాజు మేడకు వెళ్లాను. మేనేజరు మారిపోయాడు, పాలసీ మారలేదు. దరఖాస్తులు పెట్టాను, అధికారుల గదుల ముందు కూర్చున్నాను. నా రిటైర్మెంట్ వచ్చేసింది. సీసాలు మళ్లీ నిండుగా ఇంటికి పోవడం మొదలైంది.

నానక్‌రామ్‌గూడ గదిలో

ఈమధ్య జబ్బు ముదిరి స్వరూపను పని మాన్పించారని తెలిసి చూడటానికి వెళ్లాను. షేర్ ఆటో దిగి, మేడల మధ్య నుంచి పాత ఊరి సందులోకి నడిచాను. చిన్న గది. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ గుయ్యిమంటోంది. ముక్కుకు పైపు పెట్టుకుని స్వరూప గోడకు ఆనుకుని కూర్చుంది. అత్త గడపలో పప్పు ఏరుతోంది. ఇప్పుడు ఆ ముసలావిడే నాలుగిళ్లలో అంట్లు తోమి కోడలిని సాకుతోందట.

నన్ను చూసి స్వరూప మొహం విప్పారింది. లేవబోతే వద్దని భుజం పట్టుకున్నాను. చేతికి కండ తగిలింది, నేను ఆశ్చర్యపోయాను.

"బరువు పెరిగిన మేడం! దవాఖానల గూడ చెప్పిన్రు, మంచిగ తింటున్నవని" అంది, మాట మాటకూ ఆగుతూ. "రెండు పూటల పప్పు తింట. గుడ్డు తింట. పెరుగు గూడ."

మంచం మీద, చేతికి అందేలా, ఆ స్టీలు సీసా ఉంది. తళతళ పోయి సొట్టలు పడింది. మూత తీసి గడగడా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, సీసా తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క కూడా రాలేదు.

"ఎన్ని నీళ్లైనా తాగుత మేడం ఇప్పుడు" అంది. "బాత్రూం ఇంట్లనే ఉన్నది గద."